ఎక్సోప్లానెట్ల మీటింగ్‌కి డిగ్రీ కాలేజీ లెక్చరర్ వెళ్తే ఏమన్నా లాభం ఉంటుందా?

సైనిక్‌పురి_డాబా:
నమస్తే. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. వచ్చే నెల గచ్చిబౌలి వైపు ఒక క్యాంపస్‌లో, సౌరకుటుంబం బయటి గ్రహాల మీద పనిచేసే మన చుట్టుపక్కల వాళ్లంతా ఒక రోజు కలుస్తున్నారు. ఉపన్యాసాలు తక్కువ, పరిచయాలే ముఖ్యమట. మనిషికి రెండు నిమిషాలు, ఒకే స్లైడు.

నా దగ్గరున్నది డాబా మీద 8 అంగుళాల టెలిస్కోపు, ఒక సీమాస్ కెమెరా. వానలు తగ్గాక హెచ్‌డీ 189733బీ అనే గ్రహం తన నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు రెండు శాతానికి పైగా పడిపోవడం పట్టుకున్నాను. పక్క వీధిలో ఫంక్షన్ హాలు లైట్లు, ఈసీఐఎల్ వైపు ఆకాశమంతా పసుపు. అయినా గ్రాఫులో పళ్లెంలా గుంట స్పష్టంగా వచ్చింది. "గీత కాస్త కిందికి దిగినందుకేనా ఇంత సంబరం" అంది మా ఆవిడ.

పీహెచ్‌డీ లేదు. అక్కడేమో జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు డేటాతో గ్రహాల గాలిలో ఏమేం ఉన్నాయో తేల్చేవాళ్లుంటారు. వాళ్ల ముందు ఈ గుంట చూపించాలంటే టెన్షన్‌గా ఉంది. వెళ్లమంటారా? స్లైడులో ఏం పెట్టమంటారు?

చుక్కల_లెక్క:
తప్పకుండా రండి సార్, నేనూ వస్తున్నా (పీహెచ్‌డీ, ఇంకా అవ్వలేదు, అడక్కండి). మూడు రోజులకోసారి తిరిగే గ్రహం అనుకోండి. ఆ కాలం లెక్కలో ఒక్క సెకను తేడా ఉన్నా, ఏడాదికి 120 చుట్లు కాబట్టి రెండు నిమిషాలు జరుగుతుంది. పదేళ్లకి ఇరవై నిమిషాలు. పెద్ద టెలిస్కోపులో టైం సంపాదించినవాడు అప్పటికి తప్పు వేళకి చూస్తుంటాడు. మళ్లీ మళ్లీ కొలిచి ఆ లెక్క సరిచేసేది మీలాంటి చిన్న టెలిస్కోపులే. మామూలు జనంతో ఇలాంటి కొలతలు చేయించే ఎక్సోప్లానెట్ వాచ్‌ని నాసా నడిపేది కూడా ఇందుకే.

1995లో 51 పెగాసీ నక్షత్రం చుట్టూ గ్రహం దొరకడం, దానికి 2019 నోబెల్ అంటూ మొదలుపెట్టకండి, హాల్లో అందరికీ తెలుసు. గ్రాఫు ఒక్కటే, ఎర్రర్ బార్లతో (కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో చూపే గీతలు). ట్రాన్సిట్ (గ్రహం నక్షత్రానికి అడ్డురావడం) మధ్య సమయం బీజేడీలో, అంటే సౌరకుటుంబం బరువు కేంద్రం దగ్గర ఉండి చూసినట్టు లెక్కగట్టిన సమయంలో రాయండి. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల అదే వెలుగు మనకు ఎనిమిది నిమిషాల దాకా ముందో వెనకో అందుతుంది. ఆ సవరణ చేయకపోతే మీ సెకన్లను ఎవరూ పట్టించుకోరు. ల్యాప్‌టాప్ గడియారాన్ని కూడా నమ్మకండి, ఇంటర్నెట్ టైంతో కలుపుతూ ఉండండి.

పాత_ఉస్మానియా:
జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు దగ్గర జంట నక్షత్రాల వెలుగు కొలుస్తూ తెల్లవార్లూ కూర్చున్న బ్యాచ్ మాది. ఆ అనుభవంతో ఒక మాట. ఇలాంటి గ్రహాలను వెతికే టెస్ ఉపగ్రహం కెమెరాలో ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు), అంటే ఆకాశంలో పెద్ద ముక్కే. పక్కనున్న, ఒకదానికొకటి అడ్డొచ్చే జంట నక్షత్రం కూడా అందులోనే పడి, గ్రహంలా నటిస్తుంది. మసకబారింది ఏ చుక్కో మీ డాబా మీంచి విడదీసి చెప్పొచ్చు. ట్రాన్సిట్ పరిమాణమే చెప్తుంది, బరువుకి స్పెక్ట్రోగ్రాఫు (వెలుగును రంగులుగా విడగొట్టి నక్షత్రం ఊగిసలాట కొలిచేది) కావాలి. మౌంట్ ఆబూలో పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వాళ్ల 2.5 మీటర్ల టెలిస్కోపు మీద పారస్-2 అనే స్పెక్ట్రోగ్రాఫు ఉన్నది అందుకే. అటువంటి పని చేసేవాళ్లెవరైనా వస్తే భోజనాల దగ్గర వాళ్ల పక్కన కూర్చోండి నాయనా, మీ కాలేజీ వాళ్ల పక్కన కాదు.

కంది_బస్సు:
సగం రోజు ఎవరి గైడు ఎవరో తెలుసుకోడానికే సరిపోతుంది అన్నా. సమోసాలు మాత్రం బాగుంటాయి. కావాల్సింది మొహమాటం లేకుండా అడుగు, లేకపోతే వాట్సాప్ గ్రూపులో ఇంకో నంబరుగా మిగిలిపోతావ్.

సైనిక్‌పురి_డాబా:
అందరికీ థాంక్స్. గ్రాఫు కింద రెండు లైన్లు పెట్టాను. "ఇవ్వగలిగింది: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ముందురోజు చెప్పినా చాలు, మబ్బు లేకపోతే డాబా రెడీ. కావాల్సింది: ఏ నక్షత్రం చూడాలో చెప్పేవాళ్లు." ఇంకో డౌటు. ఈ డేటా అంతా శుభ్రం చేసి గ్రాఫు గీసింది మా ఫైనలియర్ అమ్మాయి. తీసుకురావచ్చా?

చుక్కల_లెక్క:
తీసుకురండి సార్, తన పేరుతో వేరే ఫారం నింపించండి. ఆ రెండు నిమిషాలూ తననే మాట్లాడనివ్వండి. ఎర్రర్ బార్ల గురించి అడుగుతారు, అది మాత్రం ముందే ప్రాక్టీస్ చేయించండి.