ప్యాడ్ల డబ్బా పెడల్ తుప్పు పట్టకుండా ఎలా?

పబ్లిక్ బాత్రూమ్‌లలో వాడిన శానిటరీ ప్యాడ్లు వేసే డబ్బాలు పెట్టి, వాటిని ఖాళీ చేసే చిన్న సంస్థ మాది. ప్యాడ్ చేతిలో పట్టుకుని ఎక్కడ పడేయాలా అని ఏ ఆడపిల్లా వెతుక్కోకూడదన్నదే మా తపన. డబ్బా బయట వాష్‌బేసిన్ దగ్గరుంటే ఎవరూ వాడరు. ప్యాడ్ కమోడ్‌లోకి పోతుంది, లోపలి జెల్ నీళ్లు పీల్చి ఉబ్బిపోయి పైపు మూసుకుపోతుంది. అందుకే ప్రతి టాయిలెట్ గదిలోనూ, కూర్చున్న చోటి నుంచే అందేలా 20 లీటర్ల మూత డబ్బా పెడుతున్నాం.

చిక్కంతా పెడల్‌తోనే. నేల కడిగిన నీళ్లు అడుగున నిలిచి, పెడల్‌ను మూతకు కలిపే ఇనుప కడ్డీ తుప్పుపట్టి బిగుసుకుపోతోంది. మూత సగమే లేస్తుంది, మిగతాది చేత్తో ఎత్తాలి. ఆ మూతను ముట్టుకోవాలని ఎవరికుంటుంది? స్టీలు కడ్డీ వేస్తే, మూత వెనకున్న ప్లాస్టిక్ మడతబందు విరుగుతోంది. గోడకు బిగిస్తే తడి తగలదు, కానీ కాలికి పెడల్ అందదు.

తడి నేల మీద ఏళ్ల తరబడి నిలిచిన పెడల్ ఎవరైనా చూశారా? కడ్డీ, మడతబందు దేనితో చేసినవి? డబ్బాను నాలుగు వేళ్ల ఎత్తు స్టాండు మీద పెడితే సరిపోతుందా, లేక తొక్కినప్పుడల్లా ఒరిగిపోతుందా? ఇంకోటి, డబ్బాలో వేసే చెత్త కవర్ అంచు లోపలికి జారకుండా ఏ రకం రింగు వాడుతున్నారో కూడా చెప్పండి.