సురభి కమలాబాయి పాటలు, ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. 1932లో వచ్చిన మన మొదటి పూర్తి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి గారి గురించి వివరాలు సేకరిస్తున్నాను. ఆ సినిమా ప్రింటే మిగల్లేదంటారు. చాలామందికి ఆవిడ 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లిగానే గుర్తు. హార్మోనియం శ్రుతికి పద్యం అందుకునే సురభి నాటకాల్లో (సురభి కుటుంబాల వాళ్లు ఊరూరా వేసే నాటకాలు) పెరిగిన మనిషి, తర్వాత బొంబాయిలో హిందీ సినిమాలూ చేశారు. నాకు ముఖ్యంగా కావాల్సింది ఆ బొంబాయి రోజుల సమాచారం. మీ ఇళ్లలో పాత పాటల పుస్తకం, గ్రామఫోన్ రికార్డు, పత్రిక కటింగ్ ఏదున్నా దయచేసి చెప్పండి. ఫోన్‌లో తీసిన ఫొటో అయినా చాలు. సురభి కుటుంబాల వాళ్లు ఎవరైనా ఇది చూస్తే తప్పకుండా రాయండి.