బెంగళూరు మిద్దె మీద బ్లూబెర్రీయా, మల్బరీయా?

మారతహళ్లి మిద్దెతోట: నర్సరీలో బ్లూబెర్రీ మొక్క చూసి మనసు పడ్డాను. ఇక్కడి చలికి బ్రహ్మాండంగా కాస్తుందని అమ్మేవాళ్లు అంటున్నారు. మా అత్తయ్య మాత్రం ఆ డబ్బుతో మల్బరీ, వాక్కాయ పెట్టుకోమంటున్నారు. ఏం చేయమంటారండీ?

హొరమావు రైతుబిడ్డ: అత్తయ్యగారి మాటే నా మాట. బ్లూబెర్రీ పూతకు రావాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి. బెంగళూరులో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో! ఇక ఆ చలి ఎక్కడి నుంచి తెస్తాం?

యలహంక మేడ: ఆ చలి లెక్క చల్లటి దేశాల రకాలకండీ. బిలాక్సీ లాంటి రకాలకు అంత చలి అక్కర్లేదు, పెరూ, మెక్సికోలలో వాటిని వేడి ప్రాంతాల్లోనే పండిస్తున్నారు. మనకు అసలు చిక్కు నీళ్లతో. బ్లూబెర్రీ వేరుకు పులుపు మట్టి కావాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలి. మన బోరు నీళ్లు చూడండి, బకెట్ అంచున తెల్లగా సున్నం పొర కడతాయి. కుండీలోనూ అదే సున్నం చేరి మట్టి పులుపును తగ్గించేస్తుంది. కొన్నాళ్లకు లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోతోందని దాని అర్థం. గంధకం వేసి పులుపు పెంచినా, మళ్లీ బోరు నీళ్లే పోస్తుంటే ఎన్నాళ్లు నిలుస్తుంది? ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు కలిపే మన మామూలు మిశ్రమం కూడా దీనికి పనికిరాదు. వాననీళ్లు పట్టి దాచుకునే వీలుంటే నిస్సంకోచంగా పెట్టండి, లేకపోతే వద్దు.

మల్బరీకి ఈ టెన్షన్ ఏదీ లేదు. రామనగర, కోలార్ వైపు పట్టుపురుగుల కోసం పొలాలకు పొలాలే వేస్తారు. పెన్సిల్ లావు కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది. కొమ్మలు కత్తిరించి ఆకు దూసేస్తే కొత్త చిగురుతో పాటే కాయ వస్తుంది. పండు కోసిన మర్నాటికే నీరుకారిపోతుంది కాబట్టి బజారులో మంచిది దొరకదు, ఇంట్లో పెంచుకోవాల్సిందే. బట్టలారేసే తీగకు మాత్రం దూరంగా పెట్టండి, ఆ మరక ఒక పట్టాన వదలదు. వాక్కాయ పప్పుకు నేనూ ప్రాణం పెడతాను గానీ దాని ముళ్లు గట్టివి, చిన్నపిల్లలుంటే ఆలోచించుకోండి.

హొరమావు రైతుబిడ్డ: బిలాక్సీ సంగతి ఒప్పుకుంటాను. కానీ నర్సరీలో రకం పేరు చెప్పి అమ్ముతున్నారా? పేరు చెప్పలేని మొక్కకు అంత ధర పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

మారతహళ్లి మిద్దెతోట: చీటీ మీద బ్లూబెర్రీ అని తప్ప ఇంకేమీ లేదండీ. మాకున్నవీ బోరు నీళ్లే. ఈ వైపు ఎవరి దగ్గరైనా మల్బరీ కొమ్మలుంటే చెప్పండి, వచ్చి తీసుకుంటాను.