అప్‌డేట్: మా అబ్బాయి సంవత్సరీకానికి ఏం చేశామంటే

22 ఏళ్ల మా అబ్బాయి పోయి ఏడాది కావస్తోంది, వాడి పేరున వెయిట్‌లిఫ్టింగ్ పోటీ పెట్టాలా ఇంకేమైనా చేయాలా అని అడిగాను కదా. సలహాలు ఇచ్చిన అందరికీ థాంక్స్.

పోటీ పెట్టలేదు. షామియానాకీ మైకుకీ షీల్డులకీ పోయే డబ్బు పిల్లలకి వస్తువు రూపంలో ఇస్తే మేలని ఒకరు రాశారు, మా ఆవిడకి ఆ మాట నచ్చింది. మాది ఆమదాలవలస దగ్గర, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి పెరిగిన ఊసవానిపేట పక్కనే. ఆ పతకం వచ్చేసరికి మావాడు పుట్టనే లేదు, అయినా 69 కిలోల ఒంటి బరువు విభాగం, రెండు లిఫ్టులూ కలిపి ఎత్తింది మొత్తం 240 కిలోలు అని చూసినట్టే చెప్పేవాడు. లెక్కల్లో మాత్రం అత్తెసరు మార్కులే.

వాడు వెళ్లిన జిమ్‌లో ఆడపిల్లలు కూడా మగవాళ్ల 20 కిలోల బార్‌తోనే (బరువులు తగిలించే కడ్డీ) నేర్చుకుంటున్నారు. అది 28 మిల్లీమీటర్ల లావు, చిన్న చేతులకి పట్టు చిక్కదు. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. అదే కొనిచ్చాం. ఎనిమిదో తరగతి గుంట ఒకర్తి అరచేతులకి సుద్దపొడి రాసుకుని మొదట ఎత్తింది, దించడం తెలియక ధడేల్‌మని పడేసింది, అందరూ నవ్వారు, మా ఆవిడ కూడా.

గోడ మీద వాడి ఫొటో పెడతామన్నారు. వద్దన్నాం, రోజూ దండేసి దణ్ణం పెడితే వాడికే చిరాకు.

ఇక బార్‌కి తగిలించే రబ్బరు ప్లేట్లు కావాలి, ఇనుపవి పడి గచ్చు పగిలిపోతోంది. శ్రీకాకుళం, విజయనగరంలో మంచివి ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి.