డీసీ-3, డకోటా ఒకటేనా? సీట్లు పీకేస్తే సైనిక విమానం అయిపోయిందా?

రెక్కలపిచ్చోడు:
1947 అక్టోబర్ 27న మన సైనికుల్ని శ్రీనగర్‌లో దింపిన డకోటాల గురించి చదువుతుంటే, అది అసలు డీసీ-3 అనే ప్యాసింజర్ విమానం అని ఉంది. అమెరికాలో పడక బెర్తులతో మొదలైన విమానాన్ని యుద్ధానికి ఎలా మార్చారు? కొత్త ఇంజిన్లు పెట్టారా, సీట్లు పీకి రంగేసి పంపేశారా?

పాతఇనుము:
రెండూ జరిగాయండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఎయిర్‌లైన్ల దగ్గరున్న డీసీ-3లను అమెరికా సైన్యం లాగేసుకుని సీ-48, సీ-49 అని పేర్లు పెట్టి వాడేసింది. మీరు చదివింది సీ-47, ఫ్యాక్టరీలోనే సైన్యం కోసం కట్టింది, బ్రిటిష్ వాళ్ళు దాన్నే డకోటా అన్నారు. అసలు మార్పు తలుపులోనూ నేలలోనూ ఉంది. ఎడమ పక్కన, వెనకవైపు, జీపు పట్టేంత వెడల్పు తలుపు పెట్టారు, నేలను గట్టి చేశారు, మెత్తటి సీట్లు పోయి గోడల వెంట రేకు సీట్లు వచ్చాయి, 28 మంది ఎదురెదురుగా కూర్చోవాలి. జీపు ఎక్కించడం మాత్రం నరకం. మూడో చక్రం ముక్కు కింద కాకుండా తోక కింద ఉంటుంది కదా, నిలబడి ఉన్నప్పుడు తోక కిందికి వాలి లోపలి నేల అంతా ఏటవాలు. పక్క తలుపులోంచి ఎక్కించి, ఆ ఇరుకులోనే ముక్కువైపు తిప్పి, ఎగువకి నెట్టాలి.

గన్నవరం కుర్రాడు:
అన్నా, ప్రెషరైజేషన్, అదే ఎత్తులో లోపల గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు, లేదుగా, మరి హిమాలయాలు ఎలా దాటారు?

పాతఇనుము:
లేదు తమ్ముడూ, ఆక్సిజన్ మాస్కే గతి. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకు మోసిన, హంప్ అని పిలిచే దారిలో సీ-47కి ఆయాసం వచ్చింది, అందుకే 1943లో పెద్దవైన సీ-46 విమానాలు దించారు. అయినా 1948 మేలో మన ఎయిర్‌ఫోర్స్ అధికారి మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకెళ్ళి డకోటాని లేహ్‌లో దింపాడు, దాదాపు 11,500 అడుగుల ఎత్తున, అప్పటికప్పుడు చదును చేసిన నేల మీద! నాకైతే డకోటా కథల్లో అన్నిటికన్నా పెద్దది అదే.

బేగంపేట్_పాతకాపు:
ఇంజిన్ల విషయం వదిలేశారు. డీసీ-3ల్లో చాలావాటికి రైట్ అనే కంపెనీ సైక్లోన్ ఇంజిన్లుండేవి, సీ-47కి 1,200 హార్స్‌పవర్ ప్రాట్ అండ్ విట్నీ కంపెనీవి రెండు.
ఇంకోటి, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన డకోటాలను బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీలో మళ్ళీ ప్యాసింజర్ విమానాలుగా మార్చారు. నిజాం సర్కారు, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ మా బేగంపేట నుంచి నడిపింది కూడా డకోటాలే. శ్రీనగర్‌కి వెళ్ళినవన్నీ ఎయిర్‌ఫోర్స్‌వి కావు, ప్రైవేటు ఎయిర్‌లైన్ల డకోటాలూ వెళ్ళాయి. కాబట్టి రెక్కలపిచ్చోడు గారూ, సీట్లు పీకి పంపడం అన్నారే, అది మన దగ్గర నిజంగానే జరిగింది.