వెబ్ డిజైనర్‌ను ఖాయం చేసే ముందు ఏమేం అడగాలి?

అందరికీ నమస్కారం. మేం చెక్క ఫర్నిచర్ తయారుచేసి అమ్ముతాం. వెబ్‌సైట్ చేయిద్దామని చూస్తుంటే చివరికి ఇద్దరు డిజైనర్లు మిగిలారు. ఎవరికివ్వాలో తేలడం లేదు.

మొదటాయన డిజైన్లు చూడ్డానికి చాలా బాగుంటాయి. కానీ ఆయన చేసిన ఒక సైట్‌ను ఫోన్‌లో తెరిస్తే, పైనున్న పెద్ద ఫొటో వచ్చేదాకా తెర తెల్లగానే ఉండిపోయింది. ఫోన్ నంబరేమో అట్టడుగున ఉంది, నొక్కితే కాల్ కూడా వెళ్లలేదు. సైట్ వేగం కొలిచే గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పెట్టి చూశాను. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ చెబుతుంది. ఇది ఆ దరిదాపుల్లో లేదు. కొనేవాళ్లు అంతసేపు ఆగుతారా?

రెండో ఆవిడ పని సాదాగా ఉంటుంది గానీ చకచకా తెరుచుకుంటుంది. వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారట, ఫొటోలు, ధరలు మేమే మార్చుకోవచ్చట. నా మనసు ఇటే మొగ్గుతోంది.

అసలు టెన్షన్ డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) గురించి. ఇద్దరూ "అదంతా మేం చూసుకుంటాం" అంటున్నారు. అది వాళ్ల పేరు మీద రిజిస్టర్ అయితే, రేపు వేరేవాళ్ల దగ్గరికి మారాలన్నా వాళ్లు ఒప్పుకోవాల్సిందే కదా! డొమైన్, హోస్టింగ్ (సైట్‌ను నెట్‌లో ఉంచే సర్వీసు) ఖాతాలు మా పేరుతో, మా ఈమెయిల్‌తో తెరిచి, డిజైనర్‌కు యాక్సెస్ మాత్రమే ఇవ్వాలనుకుంటున్నాను. ఇలా అడగడం మామూలేనా, లేక నమ్మకం లేదనుకుంటారా?

వాళ్ల పాత క్లయింట్లతోనూ మాట్లాడబోతున్నాను. ఏం అడిగితే నిజం బయటపడుతుంది? సైట్ పూర్తయ్యాక వచ్చే చిన్నచిన్న మార్పుల గురించి ఒప్పందంలో ఎలా రాయించుకోవాలి? ఈ పని చేయించుకున్నవాళ్లు, చేసేవాళ్లు ఎవరైనా దయచేసి చెప్పండి.