ఐదు వారాల తర్వాత మళ్ళీ అదుపు తప్పింది: శనివారం ఒక్కపొద్దుతో సరిచేసుకోవచ్చా?

ప్రశ్న అడిగినవారు: మూడో అంతస్తు కిటికీ

మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. ఇంటర్ రోజుల నుంచి నాకు ఒక ఇబ్బంది ఉంది. పగలంతా అందరికంటే తక్కువే తినే నేను, కొన్ని రాత్రుళ్ళు ఒక్కసారి మొదలుపెడితే, ఆకలి లేకపోయినా, కడుపు నొప్పి పుట్టేదాకా ఆపుకోలేను. ఆ కాసేపూ నా చేయి నా మాట వినదు. ఆ తర్వాత కలిగే సిగ్గును గురించి రాయడం నాకు చేతకాదు.

ఈ సెమిస్టరు మొదట్లో ఒక చిన్న క్యాలెండరు కొనుక్కుని, ఏ ఇబ్బందీ లేకుండా గడిచిన ప్రతి రోజూ ఆకుపచ్చ పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. వరుసగా 36 టిక్కులు పడ్డాయి. మొన్న మంగళవారం ఇంటర్నల్ మార్కులు వచ్చాయి. అదే సాయంత్రం ఫీజు విషయమై ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఆ బాధలో మెస్‌లో భోజనానికి వెళ్ళలేదు. రాత్రి పదకొండున్నరకు గదిలోవాళ్ళు నిద్రపోయాక అమ్మ పంపిన మురుకుల డబ్బా తీశాను. కొరికితే చప్పుడవుతుందని ఒక్కొక్క మురుకునూ నోట్లో నానబెట్టి, మెత్తబడ్డాక నమిలాను. రెండు వారాలు రావలసిన డబ్బా సగానికి వచ్చింది. ఆ తర్వాత బిస్కెట్లు, ఆ తర్వాత పక్క మంచం అమ్మాయి కాగితపు కవరులో దాచుకున్న తిరుమల లడ్డు. ఇంకొకరి ప్రసాదాన్ని దొంగతనంగా తిన్నానన్నదే నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తోంది.

దానికి ప్రాయశ్చిత్తంగా బుధవారం టిఫినూ, మధ్యాహ్న భోజనమూ మానేశాను. ఆ రాత్రి మళ్ళీ అదే జరిగింది. గురువారమూ అంతే. రేపు శనివారం. మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు ఉండే ఆచారం ఉంది. పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) అయితే అమ్మ మరీ నిష్ఠగా ఉంటుంది. ఇకపై ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉండి, మిగతా రోజుల్లో రాత్రి భోజనం మానేసి, మొదటి రోజు నుంచి మళ్ళీ లెక్క మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఇది సరైన దారేనా? ఇలా జారిపడి తేరుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి. గట్టిగా అనుకుంటే చాలు అని మాత్రం దయచేసి చెప్పవద్దు. అనుకోవడంలో నేను ఎన్నడూ లోటు చేయలేదు.

జవాబు: కపిలతీర్థం దారి

చెల్లెమ్మా, నేను ఇదే ఊళ్ళో పీజీ చదువుతున్నాను. ఈ ఇబ్బంది నాకు నాలుగేళ్ళుగా ఉంది. పూర్తిగా పోయిందని చెప్పను. ఆఖరిసారి సంక్రాంతి సెలవుల ముందు జరిగింది. కాబట్టి పడి లేవడం గురించి మాత్రం నాకు కొంత తెలుసు.

నువ్వు రాసినదాన్నే ఇంకొకసారి చదువుకో. మంగళవారం రాత్రికి కారణాలున్నాయి: మార్కులు, ఫోను, తప్పిన భోజనం. మరి బుధవారం రాత్రి మార్కులేవీ రాలేదు కదా? బుధవారం జరిగిందల్లా పొద్దుటి నుంచి నువ్వు పస్తు ఉండటమే. గురువారమూ అదే. మంగళవారం జరిగినది ఒక్క రాత్రితో పోయేది. దాన్ని మూడు రాత్రులు చేసింది నువ్వు వేసుకున్న శిక్షే. ఈ మాట కటువుగా ఉంటే మన్నించు, నాకు ఇది తెలిసిరావడానికి రెండేళ్ళు పట్టింది.

నేను క్యాలెండరు బదులు ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. బరువు, కొలతలు, క్యాలరీలు ఏవీ అందులో రాయను. ఎన్ని గంటలకు తిన్నాను, ఏం తిన్నాను, ఎక్కడ కూర్చుని తిన్నాను, అంతకుముందు ఏం జరిగింది అన్నవే రాస్తాను. నాలుగు వారాల పేజీలు వరుసగా తిప్పి చూస్తే, అదుపు తప్పిన రోజులన్నీ దాదాపుగా ఏదో ఒక పూట భోజనం తప్పిన రోజులే. మా మెస్ రాత్రి ఎనిమిదింబావుకు మూసేస్తారు. నేను ఒంటిగంట దాకా చదువుతాను. పొద్దున టిఫిను ఏడున్నరకు గానీ దొరకదు. ఆ మధ్యలో ఏమీ తినకూడదని నాకు నేనే నియమం పెట్టుకుని, అది తప్పినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు పదిన్నరకు ఉడకబెట్టిన శనక్కాయలో, ఒక అరటిపండో, లైటు వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని, గదిలోవాళ్ళ ఎదుటే తింటాను. దీనితో తలుపులు బార్లా తెరిచినట్టవుతుందేమోనని మొదటి వారం భయపడ్డాను. అలా జరగలేదు; ఆ వేళకు ఏదో ఒకటి దొరుకుతుందని కడుపుకు నమ్మకం కుదిరాక రాత్రి ఆరాటం బాగా తగ్గింది.

అన్నిటికంటే కష్టమైన పని మర్నాటి టిఫిను. రాత్రి అంత తిన్నాక పొద్దున ఆకలి ఉండదు, తినే హక్కు కూడా లేదనిపిస్తుంది. అయినా ఎనిమిదింటికి మెస్‌కు వెళ్ళి రెండు ఇడ్లీలు తినాలి. నేను ఒకసారి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే తిన్నాను. పక్కవాళ్ళు చట్నీ కారమనుకున్నారు.

మురుకులు పంపవద్దని అమ్మకు చెప్పనవసరం లేదు. కొంతకాలం చిన్న పొట్లంగా పంపమని చెప్పి, వచ్చిన రోజే అందరితో కలిసి తినేయి. రాత్రి భోజనానికి వెళ్ళేటప్పుడు నిన్నూ పిలవమని గదిలో ఒక్కరికైనా చెప్పి ఉంచు. కారణమంతా చెప్పాలని లేదు. లడ్డు సంగతి మాత్రం ఆ అమ్మాయితో చెప్పేయి. దాచుకున్నకొద్దీ అది పెద్దదవుతుంది.

జవాబు: బీటెక్ ఆఖరి సంవత్సరం

పై జవాబుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నాకూ ఇలాంటి రాత్రులు ఉన్నాయి. లీలామహల్ సర్కిల్ వైపు నుంచి రెండు బిర్యానీ పొట్లాలు తెప్పించుకుని, స్నేహితులకు కూడా చెప్పకుండా ఒక్కడినే ముగించిన సందర్భాలు చాలా ఉన్నాయి. అయితే మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి అలిపిరి నుంచి మెట్లన్నీ ఎక్కి వస్తాను, రాత్రి దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టను. లెక్క అక్కడికి సరిపోతుంది. వారానికి ఒకటి రెండుసార్లు మళ్ళీ జరుగుతూనే ఉంది, నిజమే. కానీ ప్రతిసారీ సరిచేసుకుంటున్నాను. క్రమశిక్షణ అంటే ఇదేనని నా అభిప్రాయం.

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు, తిరుపతి

ముందుగా ప్రశ్న అడిగిన అమ్మాయికి. మీరు చెప్పిన లక్షణాలకు వైద్యంలో ఒక పేరుంది. బింజ్ ఈటింగ్ డిజార్డర్‌ను 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన మానసిక సమస్యల వర్గీకరణ ఐదవ కూర్పులో ప్రత్యేక సమస్యగా గుర్తించింది. సగటున వారానికి ఒకసారి చొప్పున మూడు నెలల పాటు ఇలా అదుపు తప్పి తినడం, ఆకలి లేకపోయినా, కడుపు బిగిసేదాకా, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తనమీద తనకే అసహ్యం కలగడం అందులో చెప్పిన లక్షణాలు. తిన్నదానికి విరుగుడుగా ఉపవాసాలు ఉండటం, విపరీతంగా వ్యాయామం చేయడం, వాంతి చేసుకోవడం వంటివి పదేపదే తోడైతే మాత్రం అది బులీమియా అనే వేరే సమస్య కిందికి వస్తుంది. అందువల్ల మీరు రేపు మొదలుపెట్టదలచిన ఒక్కపొద్దు చిన్న విషయం కాదు. మీది ఏదో ఇక్కడ రాసినదాన్ని బట్టి నేను నిర్ణయించలేను, ఎవరూ నిర్ణయించకూడదు కూడా. ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

పస్తు ఉంటే అదుపు వస్తుందన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. ఒక పాత ప్రయోగం చెబుతాను. అది 1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మొదలైంది. అందులో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, యుద్ధానికి వెళ్ళడానికి మనస్సాక్షి ఒప్పుకోని యువకులు 36 మందిని వారి అంగీకారంతోనే ఆరు నెలల పాటు అర్ధాకలితో ఉంచాడు. వారందరూ దేహదారుఢ్యమూ, మనోనిబ్బరమూ చూసి ఎంపిక చేసినవారు. ఆ ఆరు నెలల్లో వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నవారున్నారు. తిరిగి భోజనం పెట్టినప్పుడు వారిలో కొందరు ఎంత తిన్నా తృప్తి తీరక, వాంతి అయ్యేదాకా తిన్నారు. అంతకుముందు వారిలో ఎవరికీ తిండి యావ ఉన్నట్టు లేదు. ఆకలిని అణచిపెట్టినప్పుడు శరీరం చేసే పని ఇది; దీన్ని మీ గుణదోషంగా లెక్కవేసుకోకండి.

మొదటి జవాబులో ఆ అక్క తన అనుభవంతో కనుక్కున్న పద్ధతినే ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన మనోవైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ చికిత్సకు పునాదిగా పెట్టాడు. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి, మేలుకుని ఉన్నంతసేపూ నాలుగు గంటలకు మించిన ఎడం లేకుండా, ఎప్పటికప్పుడు రాసుకోవడం. నిన్న రాత్రి ఎంత తిన్నా ఈ రోజు వేళలు మారవు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇటువంటి పద్ధతిలో నిపుణుల తోడుతో సాగే స్వయంసహాయాన్నే మొదటి మెట్టుగా చెప్పాయి. చికిత్స సాగుతున్నంతకాలం బరువు తగ్గే ప్రయత్నాలు చేయవద్దని, అవి మళ్ళీ అదుపు తప్పేలా చేస్తాయని అవే చెబుతున్నాయి.

క్యాలెండరు విషయం. తాగుడు వంటి అలవాట్ల మీద పనిచేసిన అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు: పూర్తిగా మానేశానని గట్టిగా లెక్కపెట్టుకునేవారు ఒక్కసారి తప్పగానే, ఎలాగూ పోయింది కదా అని ఆ తప్పునే పెద్దది చేసుకుంటారు. 36 టిక్కుల తర్వాత ఒక్క ఖాళీ గడి మిమ్మల్ని అంతగా కుంగదీయడానికి కారణం ఇదే. టిక్కులు పెట్టుకోవాలనే ఉంటే, వేళకు తిన్న ప్రతి పూటకూ ఒకటి పెట్టుకోండి. అప్పుడు మంగళవారం రాత్రి తర్వాత కూడా బుధవారం పొద్దున మీకు ఒక టిక్కు మిగిలి ఉంటుంది.

ఇక బీటెక్ తమ్ముడికి. వారానికి ఒకటి రెండుసార్లు, ఒంటరిగా, దాచిపెట్టి, మర్నాడు మెట్లూ పస్తూ అని మీరు రాసినది చదివితే, ఈ అమ్మాయికంటే ముందు వైద్యులను కలవవలసినది మీరేమోనని నాకు అనిపించింది. ఇది ఆడపిల్లల సమస్య అనుకుని మగపిల్లలు ఆలస్యంగా వస్తుంటారు. మొక్కు తీర్చుకోవడానికి మెట్లెక్కండి, ఎవరూ కాదనరు. తెల్లవారుజామున ఖాళీ కడుపుతో, రాత్రి తిన్నదాన్ని అరగదీయడానికి ఎక్కితే మాత్రం కళ్ళు తిరిగి పడే ప్రమాదం ఉంది.

ఇద్దరికీ: రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వాంతి చేసుకోవడం, విరేచనాల మాత్రలు వేసుకోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారు పస్తుల జోలికి పోకుండా ముందు డాక్టరును అడగాలి.

జవాబు: చిత్తూరు అమ్మ

నా కూతురు కూడా హాస్టల్లో చదువుకుంది. సెలవులకు వచ్చినప్పుడు డబ్బా ఖాళీ అవడం చూసి ఒకసారి "ఇంతా నువ్వే తిన్నావా" అన్నాను. ఆ మాటకు అది ఏడాది పాటు నా ఎదుట కూర్చుని కడుపు నిండా తినలేదు. అందుకని ఒక్కపొద్దు గురించి ఒక పెద్దదానిగా చెబుతున్నాను, విను తల్లీ.

పెరటాసి శనివారం మనం తళిగ (స్వామికి నైవేద్యం) వేసి, గోవిందలు చెప్పి, ఇంటిల్లిపాదీ విస్తళ్ళ ముందు కూర్చుని ఒక్కపొద్దు విడుస్తాం. నువ్వు రేపు ఉండబోయేది అర్ధరాత్రి దుప్పటి కింద విడిచే ఒక్కపొద్దు అవుతుందేమో అని నాకు భయంగా ఉంది. ఒంట్లో బాగాలేనివాళ్ళకూ, బాలింతలకూ మా అత్తగారే ఒక్కపొద్దు మాన్పించేవారు. స్వామి ఏమీ అనుకోడనేవారు. నీకు నయమయ్యేదాకా మీ అమ్మ పేరు మీద ఆ ఒక్కపొద్దు ఉండనీ. ఫీజు సంగతి నీ తలమీద వేసుకోకు, దాని తిప్పలు పెద్దవాళ్ళం పడతాం.

జవాబు: బీటెక్ ఆఖరి సంవత్సరం

నాలుగింటికి అలారం మోగింది. ఆపేసి పడుకున్నాను. నాది కూడా ఇదేనని నిన్నటిదాకా అనుకోలేదు. 14416కు ఫోను చేయాలని ఉంది గానీ గదిలో నలుగురం ఉంటాం, డాబా మీదికి వెళ్ళి చేస్తాను.

జవాబు: మూడో అంతస్తు కిటికీ

అందరికీ నమస్కారం. ఈ రోజు శనివారం. ఎనిమిదీ ఐదుకు మెస్‌కు వెళ్ళి రెండు ఇడ్లీలు, పల్లీల చట్నీ తిన్నాను. రెండోది సగంలో ఆగిపోయాను, కాసేపు కూర్చుని ముగించాను. ఒక్కపొద్దు ఉండటం లేదని అమ్మకు ఫోనులో చెబితే, "పరీక్షలా" అని మాత్రమే అడిగింది. ఔనన్నాను, అసలు సంగతి ఇంటికి వెళ్ళినప్పుడు చెబుతాను.

లడ్డు గురించి పక్క మంచం అమ్మాయితో చెప్పేశాను. కవరు ఖాళీగా ఉండటం తను బుధవారమే చూసిందట. ఎలుక తిన్నదనుకుని వార్డెన్‌కు ఫిర్యాదు కూడా చేసిందట. ఇద్దరం చాలాసేపు నవ్వాము, తర్వాత నేను కాస్త ఏడ్చాను. సోమవారం తను నాతో రుయాకు వస్తానంది. అక్కా, పొద్దున ఓపీ చీటీ కోసం ఎన్నింటికల్లా అక్కడ ఉంటే మంచిది? టిఫిను తినే బయలుదేరతాను.